కిటికీ దగ్గర తెల్లచీర

కొనేవాడికి సికింద్రాబాద్ అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క నా బుర్రకెక్కడానికి ఏడాదిన్నర పట్టింది. ఎక్కిన తర్వాత దానికి మూల్యం చెల్లించింది నేను కాదు, మా ఆవిడ. తను నలుగురిలో తలెత్తుకుని కూర్చునే చోటు ఒక్కటి మిగిలి ఉండేది. అందులోనూ నేను వేలు పెట్టాను. ఎలా పెట్టానో చెప్పుకుంటే కడుపులో మంట తగ్గుతుందని కాదు. ఇంకెవరితోనూ చెప్పుకోలేక రాస్తున్నాను.

రాంగోపాల్‌పేట్‌లో మా నాన్న పెట్టిన ఫోటో స్టూడియోను ముప్పై ఏళ్లు నడిపి, నా చేతులతోనే షట్టర్ దించాను. పెళ్లిళ్లకు డ్రోన్లు పట్టుకుని కుర్రాళ్లు వచ్చారు. పాస్‌పోర్టు ఫోటోలు జిరాక్స్ షాపువాడే తీసిస్తున్నాడు, గోడకో తెల్లబట్ట కట్టి. అప్పుడు తెలిసింది, ఇంటర్నెట్‌లో ఫోటోలు అమ్ముకోవచ్చని. మనం తీసినవి వెబ్‌సైట్‌లో పెడితే పత్రికలవాళ్లు, ఆసుపత్రులవాళ్లు, ప్రకటనల కంపెనీలవాళ్లు వెతుక్కుని కొనుక్కుంటారట. స్టాక్ ఫోటోలంటారు వీటిని. రెడీమేడ్ బట్టల దుకాణం లాంటిదే. కొలతలు తీసుకోవడం ఉండదు, ఎవడొచ్చినా వాడికి సరిపోవాలి.

నాకు అదేం తెలుసు? నా ఊరిని నేను తీశాను. క్లాక్ టవర్ మీద వాన, మోండా మార్కెట్‌లో తెల్లవారకముందే దిగే కొత్తిమీర కట్టలు, బోనాల రోజు పసుపు నీళ్లతో తడిసిన సందు, ఇరానీ హోటల్లో సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకునే ముసలాయన. ఒక్కో ఫోటోకు రెండేసి గంటలు నిలబడ్డాను. సగం తిప్పి పంపారు. దుకాణం బోర్డు కనబడుతోందని ఒకటి, ఈ మనిషి ఒప్పుకున్నట్టు సంతకం లేదని ఇంకొకటి. తీసుకున్న సగాన్ని చూసిన నాథుడు లేడు. గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన అని తిట్టుకున్నాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, వయసుతోపాటు దిగుతుందనుకున్నాను కానీ దిగలేదు.

తిట్టుకుంటే పూట గడవదు కదా. కూర్చుని, బాగా అమ్ముడుపోయే ఫోటోలు ఒక్కొక్కటే చూశాను, నెలరోజులు అదే పనిగా. కొనేవాడు బొమ్మను కొనడు. తను చెప్పదలచుకున్న మాటకు ఒక మొహాన్ని కొంటాడు, ఆ మాట రాసుకోవడానికి పక్కన కాస్త ఖాళీ గోడ కొంటాడు. మనిషి మధ్యలో నిలబడితే వాడికి పనికిరాదు, ఒక పక్కకు జరగాలి. దేశం తెలియాలి, ఊరు తెలియకూడదు. నవ్వితే పళ్లన్నీ కనబడాలి, ఏడిస్తే కన్నీళ్లు కనబడకూడదు. దీపావళి ఫోటో వానాకాలంలోనే పెట్టాలి, ప్రకటనలవాడు అప్పుడే వెతుకుతాడు. స్టూడియోకు వచ్చినవాళ్లు ఫోటోలో అచ్చం తమలాగే ఉండాలనేవాళ్లు, కాకపోతే రవ్వంత తెల్లగా. ఇక్కడ ఎవరిలాగా ఉండకూడదు. ఎవరిలాగైనా ఉండాలి.

మోడళ్లను పిలిపించుకునే స్తోమత నాకెక్కడిది. ఇంట్లో మా ఆవిడ ఉంది. బొల్లారంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు. సాయంత్రం ఆమె బస్సు దిగి వచ్చేసరికి నేను లైట్లు పెట్టుకుని కాచుకుని ఉండేవాణ్ని. మోకాలి నొప్పితో మెట్లెక్కే స్త్రీ. కరెంటు బిల్లు చూసి ఉలిక్కిపడే గృహిణి. ఫోనులో డాక్టరుతో మాట్లాడే మహిళ, ఆ ఫోను వెనక కంపెనీ గుర్తు మీద నల్ల టేపు ముక్క. ఒకరోజు తలనొప్పి మహిళగా కూర్చోబెట్టాను.

"నాకు నిజంగనే తల నొస్తున్నది. జెర చాయ్ తాగి కూసుంట" అంది.

"మంచిదే గద, అట్లనే ఉండు" అన్నాను.

ఆ ఫోటో బాగానే పోయింది.

ప్రతి ఫోటోకూ మోడల్ చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించాలి, ఈ మొహాన్ని దేనికి వాడుకున్నా అభ్యంతరం లేదని. మా ఆవిడ పాల ప్యాకెట్ మీద రాసింది కూడా చదివే మనిషి. ఈ కాగితాన్ని మాత్రం ఒక్కసారి కూడా చదవలేదు. "మీరే గద ఇచ్చేది" అని సంతకం గీకి, కూర తరగడానికి వెళ్లిపోయేది.

ఇక్కడ చర్చి సంగతి చెప్పాలి. మేము క్రైస్తవులం, నాలుగు తరాలుగా. నేను చర్చి మానేసి తొమ్మిదేళ్లయింది. దానికీ దేవుడికీ సంబంధం లేదు. మా పాత చర్చివాళ్లు ఏదో పెద్ద పండుగ చేస్తూ, ఫోటోలు తీసే పని ఇంకెవరికో ఇచ్చారు. ఇరవై ఏళ్లు వాళ్ల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధి కార్యక్రమాలు అన్నీ తీసినవాణ్ని నేను. ఆరాధన మధ్యలో లేచి నాలుగు మాటలన్నాను. అందులో రెండు, చర్చిలో కాదు కదా, కల్లు కాంపౌండులో కూడా అనదగ్గవి కావు. మళ్లీ ఆ గడప తొక్కలేదు, ఇంకో చర్చి గడపా తొక్కలేదు. చెరువు మీద అలిగి కడుక్కోవడం మానేసినవాడి సామెత ఉందే, అది నాకోసమే పుట్టింది. మా ఆవిడ ఆ సిగ్గుతో చిన్నప్పటినుంచీ వెళ్లిన చర్చిని వదులుకుంది. తన స్కూలుకు దగ్గరగా, బొల్లారం కంటోన్మెంట్‌లో ఉన్న ఒక చిన్న తెలుగు చర్చికి వెళ్లసాగింది. అక్కడ నా మొహం ఎవరికీ తెలియదు.

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆ రోజున మా ఆడవాళ్లు తెల్లచీర కడతారు. వాళ్లమ్మ కట్టింది, ఈమె కడుతుంది. మాలో పెళ్లికూతురు కట్టేదీ తెల్లచీరే. బొట్టు ఎలాగూ పెట్టుకోరు. మా ఆవిడ గాజులు కూడా వేసుకోదు, చేతికి గడియారం ఉంటుంది అంతే. తల మీద కొంగు. చూసేవాళ్లు ఏమనుకుంటారో కానీ, మాకు అది పండుగ వేషం. అంతకు ముందు సాయంత్రమే ఆ చీరను ఇస్త్రీ చేసుకుంటూ, "రేపు బల్ల ఉన్నది, వస్తరా?" అని అడిగేది. తొమ్మిదేళ్లుగా ప్రతి నెలా అడిగింది. "చూద్దాం" అనేవాణ్ని. ఒక్కసారి మాత్రం, ఎందుకో, "ఈసారి వస్తలే" అన్నాను.

ఆ ఆదివారం పొద్దున నేను లేచేసరికి ఆమె తయారై కిటికీ దగ్గర నిలబడి ఉంది. నా చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసింది. కిటికీలోంచి వెలుగు చెంప మీద పడి, తల మీది కొంగు అంచు దాకా జారుతోంది. ఎడమ పక్కన గోడంతా ఖాళీ. అక్షరాలకు అంతకన్నా మంచి చోటు దొరకదు. నేను చొక్కా వదిలి కెమెరా అందుకున్నాను.

"టైమైతున్నది, చొక్కా ఏసుకోండి" అంది.

"ఒక్క నిమిషం. ఇటు చూడకు. బయటికే చూడు."

ముప్పై ఫ్రేముల దాకా తీశాను. మొహం మామూలుగా ఉంది, ఫోటోకు పనికొచ్చేదేమీ అందులో లేదు. తీస్తూనే అన్నాను, "లేటయింది గద, ఇయ్యాలటికి నువ్వే పోయి రా. వచ్చే నెల వస్త." ఆమె బయటికే చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత ఇంకో మూడు ఫ్రేములు తీశాను. పనికొచ్చింది ఆ మూడింట్లో ఒకటి.

ఫోటో పెడితే సరిపోదు, దానికి మాటలు కూడా రాయాలి. కొనేవాడు మాటతోనే వెతుకుతాడు. నేను ఉన్నదున్నట్టు రాశాను. స్త్రీ, కిటికీ, తెల్లచీర, ఆదివారం, చర్చి, ప్రార్థన. ఇంగ్లీషులోనే అనుకోండి. ఐదు నెలలు దాన్ని ఎవడూ ముట్టుకోలేదు. నాకు ఒళ్లు మండింది. నేను తీసినవాటిలో అంత మంచి ఫోటో ఇంకొకటి లేదు. అప్పుడు వెబ్‌సైట్‌లో కొనేవాళ్లు ఏ మాటలు కొట్టి వెతుకుతున్నారో చూపించే పేజీ తెరిచాను. చూడగానే నా తప్పు తెలిసిపోయింది. ప్రకటనలు చేసేవాళ్లకు తెల్లచీర, బొట్టు లేని నుదురు, గాజుల్లేని చెయ్యి కలిసి కనబడితే ఒకటే అర్థం. వాళ్ల లోకంలో ఆ మనిషి చర్చికి వెళ్లదు.

చర్చి తీసేశాను. ప్రార్థన తీసేశాను. విధవరాలు అని కొట్టాను, ఒంటరితనం అని కొట్టాను, దుఃఖం అని కొట్టాను. ఆ తర్వాతి మాట దగ్గర వేళ్లు ఆగాయి. లేచి వెళ్లి టీ పెట్టుకున్నాను. తాగి వచ్చి, 'భర్త మరణం' అని కూడా కొట్టాను. ఆ భర్త ఎవడో నాకు తెలియక కాదు. కొనేవాడికి తెలియదు కదా అనుకున్నాను. వ్యాపారమన్నాక ఇలాంటివి పట్టించుకుంటే ఎలా అని కూడా అనుకున్నాను. ఇన్నాళ్ల తర్వాత తలుచుకుంటే, ఆ టీ తాగగలిగానన్నదే నాకు అసహ్యంగా ఉంటుంది.

వారం తిరక్కముందే అమ్ముడుపోయింది. పింఛన్ల మీద వ్యాసం రాసిన పత్రికవాళ్లు కొన్నారు, అనాథ స్త్రీలకు ఆశ్రమం నడిపే ట్రస్టువాళ్లు కొన్నారు, ఇంకా ఎవరెవరో కొన్నారు. నా ఫోటోలన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

"నీ కిటికీ ఫోటో మస్తు పోతున్నది" అన్నాను ఒకరోజు అన్నం తింటూ.

"దేనికి కొంటుండ్రు?"

"దేనికో. పత్రికలకు."

సంతోషించింది. ఆ సంతోషం కూడా గుర్తుంది నాకు.

నాకు పేరు కూడా వచ్చింది. బేగంపేటలో ఒక హోటల్లో, కొత్తగా ఫోటోలు అమ్మడం మొదలుపెట్టినవాళ్లకు క్లాసు చెప్పమని పిలిచారు. విషయం, కొనేవాళ్లకు ఏం కావాలి అన్నదే. తెర మీద ఆ ఫోటో వేసి అరగంట మాట్లాడాను. తెలుపును వాళ్లు ఎలా చదువుతారో, ఖాళీ గోడ చూస్తే వాళ్లకు ఖాళీ ఇల్లు ఎలా కనబడుతుందో. వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి, "సార్, ఆ మోడల్ ఎక్స్‌ప్రెషన్ చాలా బాగుంది. ఏం చెప్పి చేయించారు?" అని అడిగింది. "మోడల్‌కు ఏమీ చెప్పకూడదు, అదే కిటుకు" అన్నాను. చప్పట్లు కొట్టారు. మెట్రోలో ఇంటికి వస్తూ ఆ చప్పట్లను రెండు మూడు సార్లు గుర్తు చేసుకున్నాను కూడా.

తర్వాత ఒక సాయంత్రం మా ఆవిడ స్కూలు నుంచి వచ్చి, బ్యాగు భుజానికి ఉండగానే చెప్పింది.

"మీ ఫోటో చూసిన. బొల్లారం రోడ్డు మీద, పెద్ద బోర్డు. పిల్లలు చూపిచ్చిండ్రు."

ఏదో జీవిత బీమా కంపెనీవాళ్లు ఆమె మొహాన్ని రెండంతస్తుల ఎత్తున నిలబెట్టారు. పక్కన ఖాళీ గోడ మీద, 'ఆయన లేరు. ఆయన ఇచ్చిన భరోసా ఉంది' అని రాశారు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటంటే, "కలర్ మంచిగ వచ్చిందా?" అని. ఆమె లోపలికి వెళ్లిపోయింది. పిల్లలతో ఏం చెప్పిందో నేను అడగలేదు.

తర్వాతి నెల మొదటి ఆదివారం. చర్చి నుంచి వచ్చి, చీర మార్చుకోకుండా, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుంది. పొయ్యి మీద కుక్కర్ నేనే పెట్టాను ఆ రోజు.

"ఇయ్యాల అయ్యగారు నాకోసం ప్రార్థన చేసిండ్రు" అంది. అయ్యగారంటే అక్కడి పాస్టరు.

"మంచిదే గద."

"భర్తను పోగొట్టుకున్న మా సహోదరిని ఆదరించు ప్రభువా అని. మైకుల."

నేను ఇంతెత్తున లేచాను. బతికున్న మనిషిని చంపుతాడా, అడగకుండా కనుక్కోకుండా ఎట్లా అంటాడు, వాడి ఫోన్ నంబరు ఇయ్యి అని అరిచాను. పక్కింటివాళ్లు కిటికీ మూసుకున్న చప్పుడు వినబడింది. ఆమె నా అరుపు అయిపోయేదాకా ఆగింది. తొమ్మిదో తరగతివాళ్ల గోల సద్దుమణిగేదాకా ఆగే అలవాటు ఆమెకు ఉంది.

"అయ్యగారు కొత్తగ వచ్చిండ్రు. బోర్డు చూసిండ్రు, నన్ను చూసిండ్రు. రాసి ఉన్నదే నమ్మిండ్రు. ఆయన తప్పేమున్నది? మీ కంప్యూటర్ల ఆ ఫోటో తీసి చూపియ్యండి" అంది.

తీశాను. ఫోటో కింద మాటలన్నీ వరసగా ఉన్నాయి. ఆమె పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు ఒక్కో మాట మీదా వేలు పెట్టుకుంటూ చదివింది. ఒక చోట వేలు ఆగింది.

"ఇవి కంపెనీవాళ్లు రాస్తరా?"

"ఆఁ, వాళ్లే" అన్నాను.

వేలు తియ్యలేదు. నా వైపు చూడనూ లేదు. లోపల కుక్కర్ రెండు కూతలు కూసింది.

"నేనే" అన్నాను.

"నేను ఇంట్ల ఉన్ననా అప్పుడు?"

"స్కూలుకు పోయినవ్."

ఎందుకు రాశారు అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. అడగకపోయినా నేను చెప్పాను. కొనేవాళ్లు ఎలా వెతుకుతారో, చర్చి అని రాస్తే ఎందుకు కనబడదో, బేగంపేట హోటల్లో చెప్పిందంతా ఆమెకు కూడా చెప్పాను. ఓపిగ్గా విన్నది. చెప్తున్నకొద్దీ నా గొంతు నాకే దొంగ సరుకు అంటగట్టేవాడి గొంతులా వినబడి, మధ్యలోనే ఆపేశాను. అప్పటికప్పుడు ఆమె ఎదురుగానే ఆ ఫోటో తీసేశాను. కొనుక్కున్నవాళ్ల దగ్గరది మాత్రం నేను తియ్యలేను, ఆ మాట కూడా చెప్పాను.

"వచ్చే ఆదివారం నేనొస్త నీతోని. మొదటి బెంచీల కూసుంట. నన్ను చూస్తే అయిపాయె గద" అన్నాను. తొమ్మిదేళ్ల పంతం అంత సులువుగా వదిలేస్తున్నందుకు నాలో నేనే కాస్త పొంగిపోయాను కూడా.

"ఒద్దు" అంది.

"ఎందుకొద్దు?"

"ప్రార్థన అయినంక అయ్యగారి భార్య బయటికొచ్చి నా చెయ్యి పట్టుకున్నది. మాకు ఇన్ని రోజులు తెల్వదమ్మా, మీ ఆయన పోయిండని అన్నది. నేను తల ఊపిన."

నాకు అర్థం కాలేదు. "ఎందుకు ఊపినవ్? బతికే ఉన్నడని చెప్పొచ్చు గద?"

"చెప్తే? మరి చర్చికెందుకు రాడు అని అడుగుతరు." ఆమె గొంతు పెంచలేదు. "తొమ్మిదేండ్ల సంది చెప్తున్న. సారుకు జరమొచ్చింది, సారుకు పెండ్లి ఆర్డరున్నది, సారు ఊర్ల లేరు. అది కంటోన్మెంట్. మూడేండ్లకోసారి సగం మంది బదిలీ అయిపోతరు, కొత్తోళ్లు వస్తరు. కొత్తోళ్లు వచ్చినప్పుడల్లా మళ్ల షురూ. మళ్ల కొత్త అబద్ధం. బల్ల తీసుకునే రోజు సుత అబద్ధం చెప్పి లోపలికి పోయిన. ఇయ్యాల ఒక్కసారి తల ఊపిన. అందరు జరిగి నాకు జాగ ఇచ్చిండ్రు. ఇంక ఎవ్వరడగరు."

నేను ఏదో అనబోయాను.

"ఇప్పుడు మీరొస్తే అబద్ధాలదాన్ని నేనైత, మీరు గాదు. ఆ ఒక్క చోటన్న నన్ను ఉండనియ్యండి. రాకండి."

లేచి చెప్పులు విప్పి, చీర మార్చుకోవడానికి వెళ్లింది.

ఇప్పటికీ ఫోటోలు అమ్ముతున్నాను, వేరే పని రాదు. తోటకూర కట్టలు, ఖాళీ కుర్చీలు, కీబోర్డు మీద చేతులు. ఆ చేతులు నావే. మా ఆవిడ కెమెరా ముందుకు రాదు, రమ్మని నేనూ అడగను. మేము పోట్లాడుకోవడం లేదు. కూర బాగుంటే బాగుందని చెప్పుకుంటాం, గ్యాస్ బుక్ చేశారా అని అడుగుతుంది, చేశానంటాను. కానీ నెలకోసారి శనివారం సాయంత్రం ఆమె చీర ఇస్త్రీ చేసుకుంటుంటే, నేను పని లేకపోయినా ఆ గదిలోనే తచ్చాడుతుంటాను. రేపు వస్తరా అని అడుగుతుందేమోనని. ఒకప్పుడు ఆ ప్రశ్న వింటే విసుక్కునేవాణ్ని. ఇప్పుడు దానికోసం సిగ్గులేకుండా కాచుకుని ఉంటున్నాను. ఆమె ఇస్త్రీ పెట్టె స్విచ్చి తీసి, చీర హ్యాంగరుకు తగిలించి వెళ్లిపోతుంది.

క్రిస్మస్‌కు ముందు ఆ చర్చిలో విధవరాళ్లకు దుప్పట్లు పంచారు. మా ఆవిడకూ ఒకటి ఇచ్చారు. ఒద్దంటే ఎందుకని అడుగుతారని తీసుకుందట, దాని ఖరీదుకు సరిపడా డబ్బు కానుకల పెట్టెలో వేసి వచ్చిందట. నేను ఉడికిపోయాను. ఆ దిక్కుమాలిన దుప్పటి మనింట్లో ఉండడానికి వీల్లేదు, ఎవరికైనా ఇచ్చెయ్యి అన్నాను. ఆమె దాన్ని బాల్కనీలో దులిపి తెచ్చి, మంచం మీద నా వైపు పరిచింది.

"మందంగ ఉన్నది. మీకు చలెక్కువ" అంది.

ఈ చలికాలమంతా దాన్నే కప్పుకుంటున్నాను.